ఆలయంలో కత్తిసాము

పిల్లలూ! కత్తిసాము నేర్పే గురువు దగ్గరికి వెళితే మొదటిరోజున ఆయన మీ చేతికి ఏమిస్తాడు? కత్తి అనుకుంటున్నారు కదూ! జపానులో ఒకచోట మాత్రం కత్తికన్న ముందు ప్రతిజ్ఞాపత్రం ఇస్తారు. శిష్యుడు దాని మీద సంతకం చేసి, వేలు గుచ్చుకుని, నెత్తుటి చుక్కతో ముద్ర వేయాలి. ఈ ఆచారం ఈనాటికీ ఉన్నది.

టోక్యో నగరానికి తూర్పుగా, చిబా రాష్ట్రంలో, కతోరి అనే ప్రాచీన ఆలయం ఉన్నది. చుట్టూ ఆకాశాన్నంటే వృక్షాలు. అక్కడ వెలసిన దేవుడు ఫుత్సునుషి. ఆయన ఖడ్గానికి అధిదేవత. అందుచేత పూర్వం సమురాయిలు, అంటే జపాను యుద్ధవీరులు, ఆయనను భక్తితో కొలిచేవారు.

15వ శతాబ్దంలో ఇజాసా ఇయెనావో అనే సమురాయి ఉండేవాడు. కత్తి పట్టడంలోను, ఈటె తిప్పడంలోను ఆయన ఆరితేరినవాడు. అటువంటివాడు 60 ఏళ్ల వయసులో ఈ ఆలయం చేరి, 1,000 రోజులు దీక్షపట్టి, పగలూ రాత్రీ సాధన చేశాడట. అంటే సుమారు రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు! చివరకు దేవుడు చిన్న పిల్లవాడి రూపంలో చెట్టుకొమ్మ మీద ప్రత్యక్షమై, యుద్ధవిద్యా రహస్యాల గ్రంథం ఇచ్చాడని కథ. ఆయన స్థాపించిన సంప్రదాయమే కతోరి షింతో ర్యూ.

ఇంతకూ ఆ ప్రతిజ్ఞ ఏమిటి? నేర్చిన విద్యను ఇంట్లోవాళ్లకు కూడా బయటపెట్టకూడదు. జూదమాడకూడదు. గురువు యోగ్యతాపత్రం ఇచ్చేదాకా ఇతర సంప్రదాయాలవారితో కత్తి కలపకూడదు. సగం నేర్చినవాడు పోరుకు దిగితే ప్రాణం పోతుంది గదా!

ఆ తరవాత సాధన. ఇద్దరు ఎదురెదురుగా నిలుస్తారు. చేతుల్లో ఉండేవి గట్టి కర్రతో చేసిన చెక్కకత్తులు. ఎవరు ఎప్పుడు కొట్టాలి, ఎవరు ఎలా కాచుకోవాలి అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ వరసనే వందలసార్లు, వేలసార్లు చేయాలి. ఇందులో తమాషా ఏమిటంటే, చూసేవాళ్లకు కత్తీ కత్తీ ఢీకొన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ దెబ్బ ఎదుటివాడి మణికట్టుకో, మెడకో, చంకకో తగలవలసినది. కవచం కప్పని చోట్లు అవే మరి! సాధనలో దెబ్బ తగలకుండా కత్తిని అడ్డుపెడతారు. ఆ విధంగా ఒంటికి గాయమూ కాదు, చూసేవాడికి రహస్యమూ తెలియదు.

ఇంత కష్టపడి నేర్చిన ఇజాసా ఏం చేసేవాడో వినండి. ఎవరైనా పందెం కట్టి పోరాడటానికి వస్తే, ఆయన పొట్టి వెదురుపొద మీద కూర్చునేవాడట. ఆ సన్నని కొమ్మలు ఒక్కటీ వంగేవి కావట! “రా నాయనా, నువ్వు కూడా ఇక్కడ కూర్చో,” అని పిలిచేవాడట. వచ్చినవాడు అది చూసి, కత్తి దూయకుండానే నమస్కరించి వెళ్లిపోయేవాడని చెబుతారు.

వెదురుపొద మీద మనిషి కూర్చోవడం నిజమేనా అని మీరడగవచ్చు. అది కథే. కాని కథలోని అర్థాన్ని ఆ శిష్యులు నేటికీ మననం చేసుకుంటారు. జపాను భాషలో ‘హేయిహో’ అంటే యుద్ధవిద్య. అదే ఉచ్చారణతో మరొక విధంగా రాస్తే శాంతివిద్య అనే అర్థం వస్తుంది. యుద్ధవిద్య శాంతివిద్యే కావాలని ఆ గురువుల బోధ.

1876లో జపాను ప్రభుత్వం, సైనికులు, పోలీసులు వంటి కొందరు తప్ప ఇతరులెవరూ కత్తి ధరించి తిరగరాదని శాసించింది. సమురాయిల కాలం ముగిసింది. అయినా ఈ విద్య అంతరించలేదు. 1960లో చిబా రాష్ట్రం దీనిని కాపాడవలసిన సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. పరదేశాల వాళ్లు కూడా వెళ్లి, వేలు గుచ్చుకుని, ప్రతిజ్ఞ చేసి నేర్చుకున్నారు.

ఈసారి ఎవరైనా మిమ్మల్ని కయ్యానికి పిలిస్తే, ఆ వెదురుపొదను ఒక్కసారి తలుచుకోండి!