‘పుట్ ఆన్’ – ‘కొను’ : ఒక యర్థవిచారము

ఇంగ్లీషుభాషలో క్రియకు చిన్న యవ్యయము చేరినంతనే క్రొత్త యర్థము పుట్టుచుండును. ‘పుట్’ అనగా ఉంచుట, ‘ఆన్’ అనగా మీద. రెండును గూడిన ‘పుట్ ఆన్’ అనుదానికి ప్రసిద్ధార్థములు అయిదు: ధరించుట, దీపము వెలిగించుట, ఒళ్లు చేయుట, నాటకము ప్రదర్శించుట, లేని భావమును నటించుట. వీనికి స్పానిషుభాషలో వరుసగా పోనెర్సె, ఎన్‌సెందెర్, ఎంగొర్దార్, మొంతార్, ఫిన్‌హిర్ అను వేర్వేరు క్రియలు గలవు. కడపటి నాలుగింటిని తెనిగించుట సులభము, చిక్కు మొదటిదానియందే.

విద్యార్థులు సర్వత్ర ‘ధరించెను’ అని వ్రాయుదురు. అది తప్పు గాదు. కాని తెనుగునుడికారము వస్తువునుబట్టి క్రియను మార్చును. చీర కట్టుదురు, చొక్కా తొడుగుదురు, పాగా చుట్టుదురు, బొట్టు పెట్టుదురు, పూలు ముడుతురు, దండ వేయుదురు. స్పానిషున వస్త్రాభరణములకు సామాన్యముగా ‘పోనెర్’ ఒక్కటియే చాలును.

ఇక రెండవ భేదము క్రియాఫలమునకు సంబంధించినది. తల్లి బిడ్డకు చొక్కా తొడిగెను. బిడ్డ తానే తొడుగుకొనెను. ఇంగ్లీషున రెంటికిని ‘పుట్ ఆన్’ అనియే యుండును. స్పానిషున మొదటిది ‘లె పూసొ’, రెండవది ‘సె పూసొ’. ఆ ‘సె’ చేయు పనినే తెనుగున ‘కొను’ చేయుచున్నది. సంస్కృతమున యజతి, యజతే అను రూపముల భేదము నిట్టిదే: ఋత్విజుడు పరునికై యజించును, యజమానుడు తనకై యజించును.

1948లో నైజాము పాలన ముగియువరకు ఓరుగల్లు ఉన్నతపాఠశాలలలో బోధన ప్రధానముగా ఉర్దూభాషలో జరిగెను. ఆ భాషయందును తాను ధరించుట ‘పహన్‌నా’, ఇతరులకు ధరింపజేయుట ‘పహనానా’. కావున నాటి విద్యార్థికి ఈ భేదము ఇంటను బడిలోను పరిచితమే; ఇంగ్లీషువాక్యమును తెనిగించునపుడే అది మరుగుపడును.

మరుగుపడినచో కథయే తారుమారగును. 1804లో నెపోలియను కిరీటమును తానే పెట్టుకొనెను. పిమ్మట జోసెఫీనుకు పెట్టెను. మొదటి వాక్యమున ‘కొను’ లోపించినచో చక్రవర్తి యెవరో తెలియదు.

తెనుగున మూడవ మెట్టును గలదు. ఓరుగల్లు అంగడిలో స్త్రీలు గాజులవానిచేత గాజులు తొడిగించుకొందురు: పని పరునిది, ఫలము తమది. దీనిని తెనుగు ఒక్క క్రియాపదమున నిముడ్చును.

కాన ‘పుట్ ఆన్’ కనబడినపుడు బాలురచేత రెండు ప్రశ్నలు వేయింపవలయును: ధరింపబడిన వస్తు వేది? ఎవరి మేనికి? ఈ రెండును తేలినపిదపనే క్రియను వ్రాయుట యుక్తము.