చిన్నప్పటి గాయాలు ఇప్పటికీ వెంటాడుతున్నాయా? థెరపీతో ఎలా మానుతాయంటే..

ఆఫీసులో బాస్ కాస్త గొంతు పెంచితే చాలు.. చేతులు వణుకుతాయి. భర్త రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే ‘నన్ను వదిలేస్తాడేమో’ అని గుండె దడ మొదలవుతుంది. ఇలాంటి వాళ్లను చూసి ‘మరీ సున్నితం’, ‘ఊరికే అనుమానం’ అనేస్తుంటాం. కానీ చాలాసార్లు దాని వెనుక ఎప్పుడో తగిలిన మానసిక గాయం ఉంటుంది.

ట్రామా అంటే ఏంటి?

యాక్సిడెంట్లు, తుపాన్లు మాత్రమే ట్రామా అనుకుంటే పొరపాటే. చిన్నప్పుడు రోజూ తిన్న తిట్లు, ఇంట్లో కొట్లాటలు, ఏడ్చినా పట్టించుకునేవాళ్లు లేకపోవడం, నమ్మిన మనిషి చేసిన మోసం కూడా లోతైన గాయాలే. బాల్యంలో చేదు అనుభవాలు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక డిప్రెషన్, మద్యం అలవాటు, గుండె జబ్బుల ముప్పు అంత పెరుగుతుందని 1998లో అమెరికాలో వెలువడిన ఏసీఈ అధ్యయనం తేల్చింది.

థెరపీలో ఏం చేస్తారు?

మొదటి రోజే కథంతా చెప్పమని మంచి థెరపిస్టు ఒత్తిడి చేయరు. ముందు భయం ముంచుకొచ్చినప్పుడు నిలదొక్కుకోవడం నేర్పిస్తారు. నెమ్మదిగా ఊపిరి వదలడం, చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పడం లాంటివి అందులో భాగమే.

ఆ తర్వాత ‘తప్పంతా నాదే’ లాంటి పాత నమ్మకాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. ఇది సీబీటీ పద్ధతి. థెరపిస్టు వేళ్ల కదలికను కళ్లతో అనుసరిస్తూ చేదు జ్ఞాపకాన్ని తలచుకునే పద్ధతి ఈఎండీఆర్. ట్రామా తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫార్సు చేసింది.

అయితే మనుషుల వల్ల తగిలిన గాయం మానడానికి మనిషి తోడే కావాలి. థెరపిస్టు మాట నచ్చకపోతే ‘నాకిది ఇష్టం లేదు’ అని చెప్పొచ్చు. చెప్పినా అవతలి మనిషి అరవరు, వదిలేసి వెళ్లరు. ఈ అనుభవం పదేపదే ఎదురైతే, ఇంట్లో కూడా అలా మాట్లాడే ధైర్యం వస్తుంది.

మర్చిపోవాలా? క్షమించాలా?

రెండూ తప్పనిసరి కాదు. జ్ఞాపకం ఉంటుంది, దాని పట్టు సడలుతుంది. బాస్ అరిస్తే ఇకపైనా ఉలిక్కిపడొచ్చు. కానీ ‘ఈయన నాన్న కాదు, నేనిప్పుడు పదేళ్ల పిల్లాణ్ని కాదు’ అని వెంటనే గుర్తొస్తుంది. మధ్యలో కొన్నాళ్లు బాధ పెరిగినట్టూ అనిపించొచ్చు. అలా అనిపిస్తే మానేయకుండా ఆ సంగతి థెరపిస్టుకే చెప్పాలి.

ఎవరిని సంప్రదించాలి?

కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు 24 గంటలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లోనూ వైద్యం దొరుకుతుంది. ప్రైవేటుగా వెళ్తే క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఇంట్లో హింస ఇప్పటికీ సాగుతుంటే మాత్రం ముందు భద్రత ముఖ్యం. మహిళలు 181కి ఫోన్ చేయాలి.