విద్యార్థి మనసు - సలహాదారుల బాధ్యత



సీతంపేట కొండల్లోని వసతిగృహాలలో చదివిన పిల్లలు నేడు ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, ఇంకా దూరాన హైదరాబాదుకు కూడా పై చదువులకు వెళ్తున్నారు. ఇలా చదివి ఉపాధ్యాయులు, లెక్చరర్లు, వార్డెన్లు అయినవారూ మనలో ఉన్నారు. కాబట్టి ఈ వ్యాసం ఇద్దరి కోసం. ఒకరు సలహాదారు దగ్గరికి వెళ్ళవలసిన విద్యార్థి. మరొకరు ఆ సలహాదారు కుర్చీలో కూర్చున్న మన మనిషి.

కళాశాలల్లో ఈ సలహాదారునే మెంటార్ అంటారు. పాతిక మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఏడాది పొడవునా పెద్దదిక్కుగా ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2015లో ఇచ్చిన మార్గదర్శకాలలో చెప్పింది. ఇంటి మీద బెంగ, ఓడిపోతామన్న భయం, చదువు ఒత్తిడి వంటివి కూడా ఆయన పట్టించుకోవాలన్నది అందులోని ఉద్దేశం. కానీ చాలాచోట్ల మెంటార్ అంటే హాజరు లెక్క చూసే సారు, స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం పెట్టే మేడమ్ అనే అర్థం మిగిలింది. మనసు సంగతి అడిగేవారు తక్కువ.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో, మానసిక రుగ్మత ఉన్నవారిలో నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేలింది. జబ్బును బట్టి ఈ లెక్క మారుతుంది. చికిత్స లేక కాదు, చికిత్స దాకా చేర్చేవారు లేక చాలామంది ఆగిపోతున్నారు. ఆ చేర్చే మనిషే సలహాదారు. ఆయన డాక్టరు కానక్కరలేదు. గుర్తుపట్టడం, అడగడం, వినడం, చేర్చడం, మళ్ళీ పలకరించడం - ఈ ఐదూ తెలిస్తే చాలు.

మన పిల్లల కష్టం వేరు

ఇంట్లో సవర భాష, హాస్టల్లో తెలుగు, విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు. మూడు మెట్లు ఎక్కిన పిల్లవాడు క్లాసులో నోరు విప్పకపోతే "మందబుద్ధి" అనుకోవడం సులువు. వందేళ్ళకు పూర్వమే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ముందు తాను సవర నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులు సొంత డబ్బుతో నడిపారు. ఈనాటి మెంటార్ సవర నేర్చుకోకపోయినా, విద్యార్థి తనకు వచ్చిన మాటల్లో చెప్పుకునే దాకా ఓపిక పడితే చాలు.

ఒకే హాల్లో పదిమంది మధ్య పడుకుని పెరిగినవాడికి పట్నంలో గది దొరికినా నిద్ర పట్టదు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్ బిల్లు భయం. "రిజర్వేషన్ సీటు" అనే ఎత్తిపొడుపు. ఇంటి దగ్గర పోడు పని, జీడి తోట పని, చెల్లెలి చదువు. ఇన్ని మోసేవాడు ఎవరితోనూ గొడవ పడడు, ఫిర్యాదు చేయడు. కందికొత్తల పండుగకు ఇంటికి వెళ్ళి తిరిగి రాడు. రిజిస్టరులో "హాజరు తక్కువ" అని మాత్రమే పడుతుంది. ఆ గీత వెనక ఏముందో చూడడమే సలహాదారు పని.

గుర్తుపట్టడం ఎలా?

మనవాళ్ళు "నాకు డిప్రెషన్" అని చెప్పరు. తలపోటు, గుండెదడ, కడుపులో మంట, నీరసం అని చెబుతారు. కాబట్టి ఈ మార్పులు రెండు వారాలు దాటి ఉంటే పట్టించుకోవాలి:

1. నిద్ర పట్టకపోవడం లేదా పగలంతా పడుకుని ఉండడం.
2. తిండి తగ్గడం, మెస్సుకు రాకపోవడం.
3. స్నేహితులకు, ఆటలకు దూరమవడం. ఇంటికి ఫోన్ చేయకపోవడం.
4. బాగా చదివేవాడు ఒక్కసారిగా వెనకబడడం.
5. కొత్తగా తాగుడు అలవాటవడం, ఊరికే కోపం రావడం.
6. "నేనెందుకూ పనికిరాను", "నేను లేకపోతే ఇంట్లోవాళ్ళకి భారం తగ్గుతుంది" అనడం.

ఆరవది వినపడితే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే కదలాలి. మరొక మాట. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా నీరసం, దిగులు కలుగుతాయి. మన ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఉన్నవారూ ఉన్నారు, వారికి నొప్పులతో పాటు దిగులూ వస్తుంది. అందుకే రక్తపరీక్ష కూడా చేయించాలి.

ఎలా మాట్లాడాలి?

స్టాఫ్ రూములో నలుగురి ముందు పిలిచి "ఏమిటి నీ సమస్య?" అంటే ఏ విద్యార్థీ చెప్పడు. విడిగా, తీరిగ్గా కూర్చోబెట్టి, "ఏం తల్లీ, రెండు వారాలుగా క్లాసులో కనబడడం లేదు, భోజనానికీ రావడం లేదట, ఒంట్లో బాగుందా?" అని చూసిన సంగతితో మొదలుపెట్టాలి. తర్వాత మౌనంగా ఉండాలి. "ధైర్యంగా ఉండు", "మా రోజుల్లో ఇంతకంటే కష్టాలు పడ్డాం" అనే మాటలు మంచి మనసుతో అన్నవే అయినా, విన్నవాడు ఇక నోరు తెరవడు.

ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. సూటిగా, మెల్లగా అడిగితే విద్యార్థికి బరువు దిగినట్టవుతుంది. అవునంటే వారిని ఒంటరిగా వదలకూడదు. ఇంటివారిని, వైద్యుణ్ణి వెంటనే కలపాలి.

విన్న సంగతి రహస్యంగా ఉంచాలి. అయితే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. "నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం సాయం చేయగలవారికి చెబుతాను, ముందు నీకు చెప్పే చెబుతాను" అనాలి.

ఎక్కడికి చేర్చాలి?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరు. ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చీటీ రాసి పంపడం కాదు, మొదటిసారి ఎవరో ఒకరు తోడు వెళ్ళాలి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. గుణం కనబడలేదనో, బాగయిందనో సొంతంగా మానేయకూడదని సలహాదారు గుర్తుచేస్తూ ఉండాలి.

ఊళ్ళో పూజ చేయిస్తామని ఇంటివారు అంటే వెక్కిరించకూడదు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరడం కూడా బలమే. పూజ పూజే, మందు మందే. ఒకదాని కోసం రెండోది ఆపవద్దని నచ్చజెప్పాలి.

చట్టం ఏమంటోంది?

పోలీసు కేసు అవుతుందనే భయంతో ఆత్మహత్యాప్రయత్నాన్ని దాచేవారు ఎందరో. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం అలాంటి వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలే తప్ప శిక్షించరాదు. చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది.

ఇంకొక ముఖ్యమైన తీర్పు మన విశాఖపట్నం నుంచే వచ్చింది. నీట్ శిక్షణ కోసం వచ్చి హాస్టల్లో ఉంటున్న 17 ఏళ్ళ విద్యార్థిని 2023లో మరణించింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సిలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సామాజిక కార్యకర్త గానీ ఉండాలి. బోధన సిబ్బందికే కాక మిగతా సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఎస్.సి., ఎస్.టి. వంటి వర్గాల విద్యార్థులతో వివక్ష లేకుండా మెలగడం అందరికీ నేర్పాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో కనబడాలి. చట్టం వచ్చే దాకా ఇవి పాటించి తీరాలని కోర్టు చెప్పింది. కాబట్టి ఇవి అడగడం మన హక్కు.

సలహాదారుకూ ఒక తోడు

పాతిక మంది కష్టాలు విన్నవారి మనసు కూడా అలసిపోతుంది. నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది, చివరకు వినడమే మానేస్తారు. అందుకే సలహాదారులు నెలకొకసారైనా, పేర్లు చెప్పకుండా, తమలో తాము కూర్చుని మాట్లాడుకోవాలి. 14416 వారికీ పనిచేస్తుంది. అర్ధరాత్రి ఏ పిల్లవాడు మేలుకుని ఉన్నాడో వాచ్‌మన్‌కు తెలుసు. ఎవరు అన్నం వదిలేశారో వంటమనిషికి, కామాటికి తెలుసు. వారిని కూడా కలుపుకుంటే సలహాదారు భారం తగ్గుతుంది.

ఇక మనం చేయవలసిన పనులు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీరు కళాశాలలో చేరిన మొదటి వారంలోనే మీ మెంటార్ ఎవరో అడిగి తెలుసుకోండి. కష్టం వచ్చాక వెతకడం కంటే ముందే పలకరించి ఉండడం మేలు. బెంగ పెట్టుకోవడం తప్పు కాదు, పిరికితనమూ కాదు.

పూర్వ విద్యార్థులారా! ఈ ఏడాది కొత్తగా కళాశాలలకు వెళ్ళే ఒక్కొక్కరికి మనలో ఒకరు తోడు ఉందాం. దసరాకు, సంక్రాంతికి ముందు ఒక ఫోన్ చేద్దాం, సెలవులు అయ్యాక మరొకటి చేద్దాం. "బయలుదేరావా?" అని అడుగుదాం. బస్సు ఎక్కలేదంటే ఎందుకో కనుక్కుందాం.