మీకు తెలుసా? ఫిరంగి తన్నును మింగేది నూనే!

ఫ్రాన్స్ ఫిరంగి దళం కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రైఫస్‌కు దేశద్రోహి అని ముద్రవేసి డెవిల్స్ ఐలాండ్‌కు పంపేసిన కేసు గురించి చాలామంది వినే ఉంటారు. ఆ కేసుకు మూలం 1894లో పారిస్‌లోని జర్మన్ రాయబార కార్యాలయం నుంచి ముక్కలుముక్కలుగా బయటికొచ్చిన ఒక చీటీ. జర్మన్లకు అందజేస్తానన్న రహస్యాల జాబితా అది. అందులో మొట్టమొదటి పద్దు ఏమిటో తెలుసా? 120 మిల్లీమీటర్ల ఫిరంగికి అమర్చిన హైడ్రాలిక్ బ్రేకు! చీటీ రాసింది డ్రైఫస్ కాదు, ఎస్తర్‌హాజీ అనే మరో అధికారి. డ్రైఫస్ నిర్దోషిగా బయటపడేసరికి 1906 వచ్చింది.

ఒక బ్రేకు కోసం ఇంత రాద్ధాంతమా అంటారా? గుండు ముందుకు దూకితే ఫిరంగి వెనక్కి తన్నాల్సిందే. పాతకాలపు ఫిరంగి చక్రాలతో సహా వెనక్కి దొర్లేది. పేల్చిన ప్రతిసారీ సిపాయిలు దాన్ని మళ్లీ ముందుకు తోసి, మొదటి నుంచి గురి చూసుకోవాలి. నిమిషానికి ఒకటి రెండు గుళ్లు పేల్చగలిగితే గొప్ప.

ఫ్రెంచివాళ్లు 1897 నమూనాగా తెచ్చిన 75 మిల్లీమీటర్ల ఫిరంగి ఈ లెక్కనంతా తిరగేసింది. నిమిషానికి 15 గుళ్లు! ఇందులో బండి కదలదు, గొట్టం మాత్రమే పట్టాల మీద సుమారు 1.2 మీటర్లు వెనక్కి జారుతుంది. గుండు బరువు 7 కిలోల పైచిలుకు, వేగం సెకనుకు 500 మీటర్ల పైన. ఆ దెబ్బకు నాలుగున్నర క్వింటాళ్ల గొట్టం గంటకు 30 కిలోమీటర్ల చొప్పున వెనక్కి వస్తుంది. దాన్ని ఆ కాస్త దూరంలోనే నిలపాలి.

నిలిపేది నూనె. గొట్టానికి బిగించిన రాడ్డు వెనక్కి వస్తూ సిలిండర్లోని పిస్టన్‌ను లాగుతుంది. నూనెను నొక్కితే కుంచించుకుపోదు కదా, సన్నటి దారిగుండా పక్క సిలిండర్లోకి దూరాల్సి వస్తుంది. ఆ రాపిడిలో తన్నులో చాలా భాగం వేడిగా మారిపోతుంది. పక్క సిలిండర్లో ఇటూ అటూ కదిలే మరో పిస్టన్ ఉంటుంది, దాని అవతల గాలి. వచ్చిపడిన నూనె ఆ గాలిని నొక్కిపెడుతుంది. గొట్టం ఆగగానే గాలి విచ్చుకుని నూనెను వెనక్కి నెడుతుంది, గొట్టం తన చోటికి తాను చేరుకుంటుంది. మీ బైకు షాకబ్జార్బర్ చేసేదీ ఇంచుమించు ఇదే పని.

అసలు తమాషా ఏమిటంటే, ఈ పొడుగు జారుడు ఆలోచన జర్మనీదే. కొన్రాడ్ హౌస్నర్ అనే ఇంజినీరు 1891లో పేటెంట్ తీసుకుంటే ఫిరంగులు చేసే క్రుప్ కంపెనీ దాన్ని చేపట్టలేదు. జర్మనీ 1896లో తెచ్చిన 77 మిల్లీమీటర్ల ఫిరంగిలో ఇలాంటి ఏర్పాటు లేదు. ఏడాది తిరక్కుండానే అది పాతసరుకైపోయింది. తర్వాత వాటన్నిటినీ మార్చుకోవాల్సి వచ్చింది. చేతికందిన దాన్ని కాలదన్నుకోవడమంటే ఇదే. అయితే ఫ్రెంచివాళ్లకూ పని సులువుగా అవలేదు. నూనె కారకుండా సీళ్లు కుదిర్చేసరికే వాళ్లకు ఏళ్లు పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఫ్రెంచి ఫిరంగినే తానూ తయారు చేయబూనిన అమెరికా, దాని సిలిండర్లను అద్దంలా నున్నగా తొలిచే పనిని ఎవరికి అప్పగించిందో తెలుసా? రాక్ ఐలాండ్ ఆయుధ కర్మాగారంతోపాటు కుట్టుమిషన్ల సింగర్ కంపెనీకి!

ఈ యంత్రానికి శత్రువులు చిన్నవే. తుడవని రాడ్డు మీది ఇసుకరేణువు సీలును గీసేస్తుంది. నూనెలో గాలిబుడగ చేరితే బ్రేకు పట్టు తప్పుతుంది. నూనె తగ్గితే గొట్టం ఉండాల్సిన దానికంటే ఎక్కువ దూరం వెనక్కి వస్తుంది. గాలి ఒత్తిడి చాలకపోతే పూర్తిగా ముందుకు వెళ్లదు. అందుకే జారిన దూరాన్ని చూపే సూచిక మీద సిబ్బంది ఓ కన్నేసి ఉంచుతారు. వరసగా పేలుస్తుంటే నూనె వేడెక్కి ఉబ్బుతుంది, దానికి కూడా చోటు ఉంచాలి. అమెరికా ఎం109 ఫిరంగిలో నూనె మట్టం చెప్పే పట్టీకి అంచులు కొంతమేర నున్నగా, కొంతమేర గరుకుగా ఉంటాయి, చీకట్లో వేలితో తడిమి చూసుకునేందుకు.

తర్వాతి ఫిరంగుల్లో మామూలు గాలికి బదులు పొడి నైట్రోజన్ నింపుతున్నారు. గాలిలో ఆక్సిజన్ ఉంటుంది, తేమ ఉంటుంది. తేమతో తుప్పు ఖాయం. ఒత్తిడిలో నూనె ఆవిరికి ఆక్సిజన్ తోడైతే సిలిండర్ లోపలే పేలుడు జరిగే ప్రమాదం ఉంది. ఇక పేల్చకుండా షెడ్డులో పెట్టిన ఫిరంగికీ ఖాళీ లేదు. నెలల తరబడి కదలకపోతే సీళ్లు బిగుసుకుపోతాయి. కాబట్టి గుండు పెట్టకుండానే అప్పుడప్పుడూ దాని గొట్టాన్ని వెనక్కి లాగి వదులుతుంటారు.