ద్రోణుని అస్త్రవిద్యాశాల: ప్రవేశం, ప్రవర్తన, శిష్యబాధ్యత

వ్యాససంగ్రహం:
యుద్ధవిద్య నేర్పే ఏ శాలకైనా మూడు ప్రశ్నలు తప్పవు. ఎవరిని చేర్చుకోవాలి? చేరినవారు ఎలా నడుచుకోవాలి? నేర్చిన విద్యకు శిష్యుడు ఎంతవరకు బాధ్యుడు? మహాభారతం ఆదిపర్వంలోని ద్రోణుని విద్యాశాలను ఈ మూడు ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రవేశంలో జరిగిన అన్యాయం ప్రవర్తన నియమాలను, శిష్యబాధ్యతను కూడా బలహీనపరచిందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: ద్రోణుడు, ఏకలవ్యుడు, అశ్వత్థామ, గురుదక్షిణ, ఉపసంహారం.

ఉపోద్ఘాతం:
ద్రోణుని వద్ద కురుకుమారుల విద్యాభ్యాసాన్ని నన్నయ ఆదిపర్వంలో తెలుగు చేశాడు. ఆ విద్య పర్యవసానాలను తెలిపే సౌప్తిక, శాంతిపర్వాలు తిక్కన రచనలో ఉన్నాయి. ఏకలవ్యుని కథను విడిగా, కర్ణుని కథను విడిగా చర్చించడం మన విమర్శలో పరిపాటి. ఈ ఘట్టాలను ఒకే శాలకు చెందిన విద్యార్థుల వృత్తాంతాలుగా కలిపి చదివినప్పుడు ఆ శాల స్వభావం మరింత స్పష్టమవుతుంది.

1. ప్రవేశం:
ద్రోణుని శాల కురువంశానికే పరిమితం కాదు. వృష్ణులు, అంధకులు, నానాదేశాల రాజకుమారులు అక్కడ చేరినట్లు సంస్కృతమూలం చెబుతుంది. సూతపుత్రుడుగా పెరిగిన కర్ణుడు సైతం ఆ శిష్యులలో ఒకడు. నిషాదరాజు హిరణ్యధన్వుని కొడుకైన ఏకలవ్యునికి మాత్రం ప్రవేశం దొరకలేదు. అందుకు మూలం రెండు కారణాలు సూచిస్తుంది. అతడు నిషాదుడు కావడం ఒకటి. ఉన్న శిష్యుల విషయమై ద్రోణుడు ఆలోచించడం రెండవది. మొదటిది జన్మకు సంబంధించినది. రెండవది శాల పోషకుల ప్రయోజనానికి సంబంధించినదిగా కనిపిస్తుంది. వెలి అనేది ద్వేషం వల్లనే జరగనక్కరలేదు, లోపల ఉన్నవారి సౌకర్యం కోసం కూడా జరుగుతుందని ఈ రెండవ కారణం తెలుపుతుంది.

కర్ణునికి లభించిన ప్రవేశమూ సంపూర్ణం కాదు. బ్రహ్మాస్త్రం కోరినప్పుడు, వ్రతనిష్ఠ గల బ్రాహ్మణునికో తపస్సు చేసిన క్షత్రియునికో తప్ప దానిని ఇవ్వరాదని ద్రోణుడు నిరాకరించిన సంగతి శాంతిపర్వంలో ఉంది. కర్ణుడు బ్రాహ్మణుడనని చెప్పి పరశురాముని ఆశ్రయించి, చివరకు శాపం పొందాడు. అతడు అసత్యమాడిన మాట నిజం. అయితే తలుపు మూసిన నియమమే ఆ అసత్యానికి సందర్భాన్ని కల్పించింది.

2. ప్రవర్తన:
శాలలో అందరికీ ఒకే క్రమశిక్షణ అమలైందా? ప్రచారంలో ఉన్న సంస్కృత పాఠాలలోని ఒక చిన్న ఘట్టం ఇక్కడ గమనార్హం. నీళ్లు తేవడానికి ద్రోణుడు శిష్యులకు ఇరుకుమూతి కమండలాలు, తన కొడుకు అశ్వత్థామకు వెడల్పుమూతి పాత్ర ఇచ్చాడు. కొడుకు ముందుగా తిరిగివస్తే అతనికి అదనంగా నేర్పవచ్చునని అతని ఆలోచన. అర్జునుడు వారుణాస్త్రంతో కమండలం నింపి అశ్వత్థామతో పాటే చేరుకునేవాడు. పక్షపాతాన్ని అర్జునుడు శ్రమతో అధిగమించాడు. కాని పక్షపాతం తొలగిపోలేదు.

ఏకలవ్యుని ప్రవర్తన దీనికి భిన్నమైన కొలమానాన్ని ఇస్తుంది. మట్టితో చేసిన గురుప్రతిమ ముందు అతడు నియమంతో సాధన చేశాడు. మొరిగిన కుక్క నోటిని బాణాలతో నింపాడు. ఆ కుక్క ప్రాణంతోనే పాండవుల వద్దకు తిరిగివెళ్లింది. ఈ ఘట్టాన్ని లాఘవానికి నిదర్శనంగానే చూడడం వాడుక. శబ్దాన్ని ఆపడానికి కావలసినంత బలమే వాడి అక్కడితో ఆగడం సంయమనం కూడా. శాల నేర్పవలసిన గుణం శాల బయట సాధన చేసినవానిలో కనిపించింది.

3. శిష్యబాధ్యత:
బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని అర్జునునికి ఇచ్చేటప్పుడు, దానిని మానవులపై ప్రయోగించరాదని ద్రోణుడు ఆదేశించినట్లు మూలం చెబుతుంది. కొడుకు అడిగినందువల్ల మనసొప్పకపోయినా అతనికీ ఆ అస్త్రాన్ని ఇచ్చి, ఎంతటి ఆపదలోనైనా ముఖ్యంగా మనుషులపై వాడవద్దని హెచ్చరించాడు. సౌప్తికపర్వంలో ఈ హెచ్చరిక పరీక్షకు వచ్చింది. అశ్వత్థామ గడ్డిపరకపై ఆ అస్త్రాన్ని ఆవాహన చేసి ప్రయోగించాడు. అర్జునుడు ప్రత్యస్త్రం సంధించాడు. నారద వ్యాసులు అడ్డు నిలిచినప్పుడు అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు. ఆ అస్త్రం పాండవ స్త్రీల గర్భాల వైపు మళ్లింది.

ప్రయోగం తెలిసినవాడు విద్య నేర్చినవాడు, ఉపసంహారం తెలిసినవాడు విద్యకు బాధ్యుడు. వెడల్పుమూతి పాత్ర అందుకున్నవానికి ఆ రెండవ అర్హత కలగలేదు. జన్మకారణంగా ఒకరిని నిరాకరించిన గురువే, బంధుత్వం కారణంగా యోగ్యత లేనివానికి ప్రమాదకరమైన అస్త్రాన్ని ఇచ్చాడు. ఈ రెండు నిర్ణయాలకూ మూలం ఒక్కటే: సాధకుని గుణం కంటె పుట్టుకకు విలువ ఇవ్వడం.

4. గురుదక్షిణ:
విద్యారంభంలో తన కోరిక తీర్చే శిష్యుడెవరని ద్రోణుడు అడిగినప్పుడు అర్జునుడొక్కడే అంగీకరించాడు. ద్రుపదుని పట్టి తెచ్చి ఆ మాట నిలుపుకున్నాడు. అది ముందుగా ఒప్పుకున్న ఋణం, పొందిన విద్యకు ప్రతిఫలం. ఏకలవ్యుని విషయంలో ఈ రెండూ లేవు. నీకంటె అధికుడు ఉండడన్న మాట ఏమైందని అర్జునుడు గుర్తుచేయగా, ద్రోణుడు తాను నేర్పని విద్యకు కుడిచేతి బొటనవ్రేలిని దక్షిణగా అడిగాడు. శిష్యుడుగా అంగీకరించనివానిని శిష్యధర్మానికి మాత్రం బద్ధుణ్ణి చేశాడు. హక్కు ఇవ్వకుండా బాధ్యతను మాత్రమే కోరడం ఈ ఘట్టంలోని అధర్మం. ఏకలవ్యుడు వెనుకాడకుండా ఇవ్వడం అతని నిష్ఠను చూపుతుంది. ఆ నిష్ఠను కీర్తించడంలో గురువు చేసిన తప్పు మరుగున పడకూడదు. తన మనోవ్యథ తీరిందని సంతోషించిన అర్జునుడు కూడా ఆ తప్పులో భాగస్వామే. తోటి సాధకుని నష్టాన్ని తన లాభంగా భావించకపోవడం కూడా శిష్యబాధ్యతలో భాగం.

ముగింపు:
భారతప్రభుత్వం ఉత్తమ క్రీడాకారులకు 1961 నుంచి అర్జునుని పేరుతో, శిక్షకులకు 1985 నుంచి ద్రోణాచార్యుని పేరుతో పురస్కారాలు ఇస్తున్నది. గిరిజన విద్యార్థుల ఆశ్రమ పాఠశాలలకు 1997–98లో ఏకలవ్యుని పేరు పెట్టింది. మూడు పేర్లూ గౌరవంతో పెట్టినవే. కాని శిక్షకుని పేరు ఒకచోట, ప్రవేశం దొరకని విద్యార్థి పేరు వేరొకచోట నిలవడం ఆలోచింపజేసే విషయం. కరాటే, కర్రసాము వంటి విద్యలను నేడు ఎన్నో విద్యాసంస్థలు నేర్పుతున్నాయి. వినయం, సంయమనం అక్కడ మొదటి పాఠాలు. ఆ పాఠాలకు విలువ ఉండాలంటే అవి శిష్యునితో పాటు గురువుకూ వర్తించాలి. తలుపు వద్ద పాటించని ధర్మాన్ని లోపల బోధించడం సాధ్యం కాదని ద్రోణుని శాల చరిత్ర నిరూపిస్తున్నది.