మీకు తెలుసా? వైరు లేకున్నా ప్రమాదం ఉంటుంది

మంజీర ఒడ్డున ఉన్న బీర్కూర్ లాంటి ఊళ్లలోనూ ఇప్పుడు వడ్రంగుల చేతుల్లో బ్యాటరీ డ్రిల్లులు కనిపిస్తున్నాయి.

• బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1961లోనే కార్డ్‌లెస్ డ్రిల్లు తెచ్చింది. 1971లో అపోలో 15 వ్యోమగాములు చందమామ నేలను తొలిచింది కూడా బ్యాటరీ డ్రిల్లుతోనే.

• బిట్టు మార్చేటప్పుడు వేలు స్విచ్చుకు తగిలితే చాలు, డ్రిల్లు గిర్రున తిరుగుతుంది. ముందు బ్యాటరీ ఊడదీయండి, ఆ తర్వాతే బిట్టు ముట్టుకోండి.

• 40 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టవద్దని చాలా కంపెనీలు చెబుతాయి. మే నెలలో మన కామారెడ్డి జిల్లా ఎండలు ఆ హద్దు దాటేస్తాయి. బండి సీటు మీద కాగిన బ్యాటరీని నీడలో చల్లారనివ్వండి.

• మేకుల సంచిలో బ్యాటరీ వేయకండి. ఒక్క మేకు రెండు టెర్మినళ్లకూ తగిలితే షార్టయి నిప్పు పుట్టవచ్చు.

• మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు తిరిగే బిట్టుకు చుట్టుకుంటాయి. తువ్వాలు తీసి పక్కన పెట్టండి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి.

• ఉబ్బిన, పగిలిన బ్యాటరీని మళ్లీ వాడకండి.

పనిముట్టు పోతే కొనుక్కోవచ్చు. కన్ను పోతే, వేలు పోతే ఎక్కడా దొరకవు.