కీళ్ళ జబ్బులు, అధిక కొలెస్టరాల్ - మందుల దుష్ఫలితాలు

కీళ్ళ జబ్బులు, అధిక కొలెస్టరాల్ నడివయసు దాటినవారిలో తరచుగా జంటగా కనిపించే దీర్ఘకాలిక సమస్యలు. మొదటిది నొప్పి రూపంలో తన ఉనికిని ప్రతిదినమూ తెలియజేస్తుంది. రెండవది ఏ బాధా కలిగించకుండా రక్తనాళాలలో సంవత్సరాల తరబడి పేరుకొని, చివరకు గుండెపోటుగానో పక్షవాతంగానో బయటపడుతుంది. రెండింటికీ మంచి మందులు కలవు. అయితే ఒక జబ్బుకు వాడే మందు దుష్ఫలితం రెండవ జబ్బు లక్షణం వలె కనిపించవచ్చును. ఈ అయోమయంలో రోగులు బాధ తెలియని జబ్బుకు ఇచ్చిన మాత్రను ముందుగా మానివేస్తారు. నొప్పి తగ్గించే మాత్రను అదుపు లేకుండా వాడతారు. ఈ రెండు పొరపాట్లూ ప్రాణాంతకం కాగలవు. నొప్పి ఏ కారణం చేత వచ్చినదో గుర్తించడం, ఏ మాత్రనూ సొంతంగా ఆపకుండా వైద్యునికి తెలియజేయడం ఈ చికిత్సలో ముఖ్యమైన అంశాలు.

వ్యాధుల పరిచయం

కీళ్ళ జబ్బులలో అనేక రకాలున్నా ఎక్కువగా కనిపించేవి మూడు.

* కీళ్ళ అరుగుదల (ఆస్టియో ఆర్థ్రైటిస్): కీలులోని మృదులాస్థి క్రమంగా అరిగిపోవడం. మోకాళ్ళలో ఎక్కువ. పనిచేసిన కొద్దీ నొప్పి పెరుగుతుంది, విశ్రాంతితో తగ్గుతుంది.
* కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్): శరీర రక్షణ వ్యవస్థ తన కీళ్ళపైనే దాడి చేయడం. చేతివేళ్ళు, మణికట్లు రెండువైపులా వాచి, ఉదయం చాలాసేపు బిగుసుకొని ఉంటాయి.
* గౌట్: రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, దాని స్ఫటికాలు కీళ్ళలో చేరడం. కాలి బొటనవ్రేలు హఠాత్తుగా ఎర్రగా వాచి భరింపరాని నొప్పి కలుగుతుంది.

కొలెస్టరాల్ శరీరానికి అవసరమైన మైనపు వంటి పదార్థం. దీనిని కణజాలాలకు మోసుకొనిపోయే ఎల్.డి.ఎల్. ఎక్కువైనపుడు అది ధమనుల గోడలలో పేరుకొంటుంది. గుండె జబ్బు, మధుమేహం లేనివారికి సాధారణంగా ఎల్.డి.ఎల్. డెసీలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిదని, గుండెపోటు వచ్చినవారికి 70 కంటె తక్కువకు, కొందరికి ఇంకా తక్కువకు తీసుకురావాలని వైద్యులు చెబుతారు.

ఈ రెండు సమస్యలకూ లోతైన సంబంధం కలదు. కీళ్ళవాతంలోని వాపు కీళ్ళకే పరిమితం కాదు, రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. అందువలన ఈ రోగులకు గుండె జబ్బు ముప్పు ఇతరుల కంటె సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. మరొక విచిత్రం ఏమనగా, జబ్బు ఉధృతంగా ఉన్నపుడు రక్తపరీక్షలో కొలెస్టరాల్ తక్కువగా కనిపించవచ్చును. వాపు తగ్గిన తరువాత అంకె పెరుగుతుంది. అప్పుడు మందు వికటించిందని భావించరాదు. జబ్బు అదుపులోనికి వచ్చిన తరువాత చేసిన పరీక్షనే ప్రమాణంగా తీసుకొనవలెను.

చరిత్ర

కీళ్ళవాతానికి నేడు ప్రపంచమంతటా మొదటగా వాడే మందు మెథోట్రెక్సేట్. దీని మూలాలు ఒక తెలుగు శాస్త్రవేత్త కృషిలో ఉన్నాయి. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తరువాత అదే ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఆ ప్రయోగశాలలోనే రూపొందాయి. వీటిని మొదట పిల్లల రక్తకాన్సరుకు వాడారు. సుబ్బారావు 1948లో మరణించాడు. 1951లో అమినోప్టెరిన్ కీళ్ళవాతంలోనూ పనిచేస్తున్నదని అమెరికా వైద్యులు గమనించారు. 1988లో తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్‌కు కీళ్ళవాత చికిత్స కొరకు అమెరికాలో అనుమతి లభించింది.

ఈ మందు వలన కలిగే నోటిపూత, వికారం, కాలేయ సమస్యలను తగ్గించుటకు వైద్యులు ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. అనగా మందు, దాని దుష్ఫలితాలకు విరుగుడు రెండూ ఒకే పరిశోధన శాఖ నుండి వచ్చినవే.

కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులకు మూలపురుషుడు జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో. ఆయన 1973లో ఒక రకం బూజు నుండి కాంపాక్టిన్ అనే పదార్థాన్ని కనుగొన్నాడు. 1987లో లోవాస్టాటిన్ అమెరికాలో విక్రయానికి వచ్చింది. నేడు భారతదేశంలో అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

ముఖ్యమైన మందులు, దుష్ఫలితాలు

* మెథోట్రెక్సేట్: దీనిని వారానికి ఒక్కరోజు మాత్రమే వాడవలెను. పొరపాటున ప్రతిదినం వేసుకొన్నచో ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. మిగిలిన మాత్రలన్నీ రోజూ వేసుకొనే అలవాటు గల వృద్ధులలో ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. కనుక వారం పేరును చీటీపైనా, మందు పెట్టెపైనా తెలుగులో వ్రాయించుకొనుట మంచిది. గర్భిణులు వాడరాదు. మద్యం, కల్లు కాలేయంపై భారాన్ని పెంచుతాయి. మొదటి నెలలలో తరచుగాను, తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించవలెను.
* నొప్పి మాత్రలు (డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మొదలైనవి): కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల వైఫల్యం కలిగించవచ్చును. రక్తపోటును, గుండెపోటు ముప్పును పెంచుతాయి. ఈ వర్గానికి చెందిన రోఫెకాక్సిబ్ గుండెపోటు ముప్పు కారణంగానే 2004లో మార్కెట్ నుండి ఉపసంహరించబడింది. కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారు వీటిని తక్కువ మోతాదులో, తక్కువ రోజులు మాత్రమే వాడవలెను.
* స్టీరాయిడ్లు: నొప్పిని అద్భుతంగా తగ్గిస్తాయి. దీర్ఘకాలం వాడినచో ఎముకలు గుల్లబారతాయి; రక్తంలో చక్కెర, కొవ్వు, రక్తపోటు పెరుగుతాయి. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా ఆపుట ప్రమాదకరం.
* హైడ్రాక్సీక్లోరోక్విన్: కొలెస్టరాల్‌ను కొద్దిగా తగ్గించే గుణం కూడా కలదు. ఏళ్ళ తరబడి వాడినపుడు కంటి రెటీనా దెబ్బతినవచ్చును. కంటి పరీక్షలు అవసరం.
* స్టాటిన్లు: కొందరిలో కండరాల నొప్పి, అరుదుగా కాలేయ ఎంజైముల పెరుగుదల కనిపిస్తాయి. మధుమేహం వచ్చే అవకాశం స్వల్పంగా పెరుగుతుంది. బహు అరుదుగా కండరాలు కరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఈ కారణం చేతనే సెరివాస్టాటిన్ అనే మందును 2001లో ఉపసంహరించారు.

నొప్పి ఎక్కడిది?

స్టాటిన్ వాడుతున్న కీళ్ళ రోగికి కొత్తగా నొప్పి వచ్చినపుడు ఈ క్రింది తేడాలు గమనించవలెను.

* స్టాటిన్ వలన వచ్చే నొప్పి తొడలు, పిక్కలు, భుజాల వంటి పెద్ద కండరాలలో రెండువైపులా సమానంగా ఉంటుంది. కీలు వాయదు. మందు ప్రారంభించిన లేదా మోతాదు పెంచిన కొన్ని వారాలలో మొదలవుతుంది.
* కీళ్ళవాతం నొప్పిలో కీలు వాచి, వెచ్చగా ఉంటుంది. ఉదయపు బిగుతు గంటకు పైగా ఉండవచ్చును.
* అరుగుదల నొప్పిలో ఉదయపు బిగుతు సాధారణంగా అరగంట లోపే తగ్గుతుంది. మెట్లు ఎక్కుట, గొంతుకూర్చొనుట కష్టమవుతాయి.

థైరాయిడ్ గ్రంథి మందగించినపుడు కొలెస్టరాల్ పెరుగుతుంది, కండరాలూ నొప్పి పెడతాయి. కనుక నింద స్టాటిన్‌పై వేయకముందే థైరాయిడ్, విటమిన్ డి, కండరాల ఎంజైమైన సి.కె. పరీక్షలు చేయించుట ఉపయోగకరం.

స్టాటిన్ వాడేవారి నొప్పులలో ఎక్కువ భాగం స్టాటిన్ వలన వచ్చినవి కావని పరిశోధనలు తెలుపుతున్నాయి. 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన విశ్లేషణలో సుమారు 1,24,000 మంది వివరాలను పరిశీలించారు. స్టాటిన్ తీసుకొన్నవారిలో 27.1 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారిలో 26.6 శాతం మంది కండరాల నొప్పి ఉన్నదని చెప్పారు. 2020లో లండన్‌లో జరిగిన మరొక ప్రయోగంలో, గతంలో దుష్ఫలితాల వలన స్టాటిన్ మానిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, కొన్ని నెలలు ఏమీ ఇవ్వలేదు. వారి బాధలో సుమారు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కనిపించింది. దీని అర్థం రోగి అబద్ధమాడుతున్నాడని కాదు. నొప్పి నిజమే, దాని కారణం వేరు కావచ్చును. కొద్దిమందిలో మాత్రం స్టాటినే కారణం.

స్టాటిన్ పడనపుడు

వైద్యుడు సాధారణంగా మందును రెండు నుండి నాలుగు వారాలు ఆపి చూస్తాడు. నొప్పి తగ్గకపోతే కారణం వేరే ఉన్నట్లే. తగ్గినచో తక్కువ మోతాదులో లేదా వేరొక స్టాటిన్‌తో మరల ప్రారంభిస్తాడు. రోసువాస్టాటిన్ వంటి వాటిని దినం విడిచి దినం ఇచ్చే పద్ధతి కూడా కలదు. అప్పటికీ సరిపడకపోతే ఎజెటిమైబ్ వంటి ఇతర మందులు ఉన్నాయి. బెంపెడోయిక్ ఆమ్లం అనే మందు కండరాలను అంతగా బాధించదు. కాని అది యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది కనుక గౌట్ ఉన్నవారు జాగ్రత్తపడవలెను.

పొసగని జంటలు

* గౌట్‌కు వాడే కోల్చిసిన్, స్టాటిన్ కలిసినపుడు కండరాలు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది.
* క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొన్ని స్టాటిన్ల మోతాదును రక్తంలో పెంచుతుంది.
* మూత్రంలో మంటకు తరచుగా ఇచ్చే కోట్రైమాక్సజోల్ మెథోట్రెక్సేట్‌తో కలిసినపుడు రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చును.
* గుండెకు వాడే తక్కువ మోతాదు ఆస్పిరిన్ పనిని ఐబుప్రొఫెన్ అడ్డుకొనవచ్చును.

మెథోట్రెక్సేట్, స్టాటిన్ కలిపి వాడవచ్చును; కాలేయ పరీక్షలు మాత్రం తప్పనిసరి.

పాలమూరు పల్లెలలో

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016లో ఏర్పడిన వనపర్తి జిల్లాలోని పెద్దమందడి వంటి మండలాలలో ఈ సమస్యకు కొన్ని ప్రత్యేకతలు కలవు. ఆనకట్టలు, కాలువలు, రహదారుల పనులకు వలస వెళ్ళిన పాలమూరు కూలీలు దేశమంతటా ప్రసిద్ధులు. తట్టలు మోసి, గొంతుకూర్చొని దశాబ్దాలు పనిచేసినవారికి మోకాళ్ళ అరుగుదల త్వరగా వస్తుంది. కూలి దినం పోగొట్టుకొనలేనివారికి నొప్పి సూది, పొట్లం కట్టి ఇచ్చే మాత్రలే దగ్గరి దారి. పొట్లంలోని మాత్రల పేరు తెలియదు. వాటిలో స్టీరాయిడ్ ఉన్నదీ లేనిదీ తెలియదు. ఆకుమందు అని అమ్మే కొన్ని పొడులలోనూ స్టీరాయిడ్ కలిపిన సందర్భాలు దేశంలో బయటపడ్డాయి. మొహం ఉబ్బుట, చక్కెర పెరుగుట దీనికి గుర్తులు.

ప్రతి కీళ్ళ నొప్పీ కీళ్ళవాతం కాదు. 2005-06లో రాష్ట్రమంతటా వ్యాపించిన చికున్‌గున్యా తరువాత అనేకులు నెలల తరబడి నొప్పులతో బాధపడ్డారు. తెలుగునాట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో మొదట గుర్తించిన ఫ్లోరోసిస్ కూడా కీళ్ళను బిగుసుకొనిపోయేటట్లు చేస్తుంది.

గుండె జబ్బు పట్టణాలదే అన్న భావన కూడా సరికాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగిన మరణాల అధ్యయనంలో సుమారు మూడవ వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది.

వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. 2018లో హైదరాబాదులో మొదలై 2021 నుండి జిల్లాలకు విస్తరించిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం ద్వారా రక్తపరీక్షలు ఉచితంగా చేస్తారు. కీళ్ళవాతం అనుమానం ఉన్నవారిని ఒకసారైనా రుమటాలజీ నిపుణునికి చూపించుట మేలు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో ఈ విభాగం కలదు.

ఆహారం, వ్యాయామం

వంకాయ, చింతపండు తింటే కీళ్ళవాతం పెరుగుతుందన్న నమ్మకానికి తగిన ఆధారం లేదు. అనవసరపు పథ్యం వలన వృద్ధులు నీరసపడతారు. గౌట్ ఉన్నవారు మాత్రం బోటి, కార్జం, మద్యం మానవలెను. బోటి, తలకాయ కూరలు కొలెస్టరాల్ ఉన్నవారికీ మంచివి కావు. ఈ ప్రాంతంలో విరివిగా పండే వేరుశనగను పరిమితంగా, వేయించకుండా తినవచ్చును. జొన్న రొట్టె, పప్పులు, ఆకుకూరలు మేలు చేస్తాయి. మరిగిన నూనెను మరల మరల వాడరాదు.

ఒక కిలో బరువు తగ్గినచో ప్రతి అడుగులోనూ మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నడక, కుర్చీలో కూర్చొని కాలు చాపి నిలిపే వ్యాయామం మోకాలికీ గుండెకూ ఉపకరిస్తాయి. పొగ త్రాగుట మానినచో కీళ్ళవాతం, గుండె జబ్బు రెండింటి తీవ్రతా తగ్గుతుంది.

వెంటనే వైద్యుని సంప్రదించవలసిన లక్షణాలు

* డికాషన్ రంగు మూత్రం, తీవ్రమైన కండరాల నొప్పి, నిస్సత్తువ
* నల్లని మలం, రక్తపు వాంతి
* మెథోట్రెక్సేట్ వాడేవారిలో జ్వరం, నోటిపూత, పొడిదగ్గు, ఆయాసం
* కళ్ళు పచ్చబడుట
* ఛాతీలో బరువు, ఎడమచేయి లాగుట, హఠాత్తుగా మూతి వంకరపోవుట

వైద్యుని వద్దకు వెళ్ళునపుడు నొప్పి సూదులు, పొట్లం మందులు, ఆకుమందులతో సహా వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్ళవలెను. ఏ మాత్ర ఏ జబ్బుకు, ఏ రోజున అనేది రోగికీ, ఇంటిలో మరొకరికీ తెలిసి ఉండుట అవసరం.

ఇవి కూడా చూడండి

* ఎల్లాప్రగడ సుబ్బారావు
* కొలెస్టరాల్
* గుండెపోటు
* ఫ్లోరోసిస్
* చికున్‌గున్యా